అమ్మణి పంచిన మాత్రలు

మాధవరం పాల కాలనీ వెనక వీధిలో అమ్మణి ఇల్లు ఏదని అడిగితే బడిపిల్లలు కూడా చూపిస్తారు. పంపకాల్లో ఆమెను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఒక్క జిలేబీ ఇంటికొచ్చినా సరే, అది రెండు ముక్కలు కావాల్సిందే. ఒక ముక్క తనకు, ఒక ముక్క తోడికోడలు వరదలక్ష్మికి. చేప తెస్తే తలకాయతో సహా నిలువునా కోయిస్తుంది. పండక్కి చీరలు తీస్తే ఒకే రంగు, ఒకే అంచు. "రెండూ వేరేగా ఉంటే ఒకటి బాగుంటాది, ఒకటి బాగుండదు. ఆ గొడవ మనకెందుకుమే?" అంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఒకటే పొయ్యి. అన్నదమ్ములు ఆదికేశవులూ తిరువేంగడమూ అంబత్తూరులో లేత్ షెడ్డు నడుపుతా నెలకోసారైనా మూతులు ముడుచుకుంటారు గానీ, వాళ్ళ పెళ్ళాలిద్దరి మధ్యా ఒక్క మాట తేడా రాలేదు. రాకుండా చూసింది పెద్దకోడలు అమ్మణే. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

చెప్తే నవ్వుతారు గానీ, చివరికి జబ్బు కూడా ఇద్దరికీ ఒకటే వచ్చింది. షుగరు ముందు అమ్మణికి వచ్చింది, రెండేళ్ళు తిరక్కుండా వరదకూ వచ్చింది. "నీకు తక్కువ చెయ్యకూడదని నేనే పంచినట్టుండా" అని అమ్మణి నవ్వింది. ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. అరికాళ్ళలో మంటలు మొదలైనాయి. ఎండలో తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడితే ఎట్లుంటుందో అట్లా, ఇంట్లో నీడపట్టున కూర్చున్నా అంతే. వరద ఎట్లో పళ్ళు బిగించుకుని తిరిగేది. అమ్మణి మాత్రం చెప్పులు తొడగడమే మానేసింది. పొద్దున్నే పాల బూత్ దాకా నడిచిపోయి, నలుగురితో నాలుగు మాటలు మాట్లాడి, ఊరి సంగతులన్నీ కొంగున కట్టుకుని వచ్చే మనిషి, తడిగుడ్డ కాళ్ళకు చుట్టుకుని హాల్లో కూలబడిపోయింది. ఉండే మందులు వాడి చూశారు. అవి వేసుకుంటే మంట కాస్త తగ్గేది గానీ పగలంతా మత్తుగా, తూలుతా ఉండేది. అక్కను అట్లా చూడడం వరదకు చేతకాలేదు.

అప్పుడు షుగరు డాక్టరు ఒక మాట చెప్పాడు. ఊళ్ళో ఒక పెద్దాస్పత్రిలో ఈ మంటలకు కొత్త మందు ఒకటి పరీక్షిస్తున్నారు, ఇష్టమైతే పోయి కనుక్కోండి అని. ఇద్దరూ బస్సెక్కి పోయారు.

ఆస్పత్రి రెండో అంతస్తులో ధన్య అనే అమ్మాయి వాళ్ళను కూర్చోబెట్టి కాయితాలన్నీ చదివి వినిపించింది. ఆ పిల్ల ఉద్యోగం కోసం గుడివాడ నుంచి ఈ తమిళ ఊరికి వచ్చింది, ప్రతి మాట చివరా ఒక 'అండి' తగిలిస్తుంది.

"మొత్తం రెండు వందల మందిని తీసుకుంటున్నామండి. సగం మందికి మందున్న మాత్ర. మిగతా సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ లోపల మందుండదండి. ఎవరికి ఏది వెళ్ళిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు, డాక్టరు గారికీ తెలీదు. కంప్యూటరు చీటీలు తీసినట్టు తీస్తుంది."

"అంటే కొంతమందికి సుద్ద ముక్క ఇస్తారా?" అంది అమ్మణి.

"సుద్ద కాదండి, అది..."

"సుద్దే" అంది అమ్మణి. ఆ రోజు నుంచి దాని పేరు సుద్దమాత్ర అయి కూర్చుంది.

ధన్య ఏదీ దాచలేదు. కడుపులో తిప్పొచ్చు, తల తిరగొచ్చు, ఏమైనా తేడా అనిపిస్తే ఏ వేళైనా ఫోను చెయ్యాలి. ఆరు నెలలు, నెలకోసారి రావాలి. మధ్యలో ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు, మానేసినందుకు ఎవరూ ఒక్క మాట అనరు, మామూలు వైద్యం ఆగదు. ఎవరి మాత్రలు వాళ్ళే వేసుకోవాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఇదంతా అర్థమైందని, ఇష్టంతోనే చేరుతున్నామని కెమెరా ముందు చెప్పాలి. కెమెరా అనగానే అమ్మణి ముక్కుపుడక సర్దుకుని పెళ్ళి ఫోటోకు కూర్చున్నట్టు కూర్చుంది.

"నా పేరు అమ్మణి. ఆదికేశవులు భార్యను. నా ఇష్టంతోనే చేరతా ఉండా. ఎవురూ బలవంతం చెయ్యలేదు. నా తోడికోడలూ చేరతాది."

"ఆవిడ మాట ఆవిడే చెప్పాలండి" అని ధన్య కెమెరా ఆపి మళ్ళీ మొదట్నుంచి తీసింది.

ఇద్దరికీ చెరొక తెల్ల డబ్బా ఇచ్చారు. నెంబర్లు వేరు, లోపల మాత్రలు మాత్రం ఒకే మాదిరి తెల్లగా, గుండ్రంగా ఉన్నాయి.

ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా అమ్మణి ఆ రెండు డబ్బాలూ వంటింటి గట్టు మీద పక్కపక్కన పెట్టింది. నడుం మీద చెయ్యేసుకుని కాసేపు వాటినే చూసింది.

"ఏం వరదా, ఇందులో ఒకటి మందు, ఒకటి సుద్ద అయితే?"

"అట్టని ఏముందక్కా. రెండూ మందే కావచ్చు గదా."

"రెండూ సుద్దే కావచ్చు. అదైనా పరవాల్లేదు. ఒకటొకటి అయితే? నీకు మందొచ్చి నాకు సుద్దొస్తే నీ మొహం నేను చూడలేను. నాకు మందొచ్చి నీకు సుద్దొస్తే నా మొహం నేనే చూసుకోలేను."

అని, ఇంకో మాటకు చోటివ్వకుండా, రెండు డబ్బాలూ పళ్ళెంలో బోర్లించేసింది. బియ్యంలో రాళ్ళేరేటప్పుడు కలిపినట్టు అరచేత్తో బాగా కలిపింది. లెక్కపెట్టి ఈ డబ్బాకు సగం, ఆ డబ్బాకు సగం పోసి మూతలు పెట్టింది.

"ఎవరికీ ఇయ్యకూడదని చెప్పింది గదక్కా ఆ పాప?"

"ఎవురికిచ్చినాం? ఇంట్లోనే ఉండాయి గదా."

 అక్క చేతి పంపకానికి ఎదురు చెప్పడం వరదకు అలవాటు లేదు. నిజం చెప్పాలంటే సుద్ద తనకే వస్తుందేమోనన్న గుబులు ఆమెకూ ఉండింది. అక్క కలిపేసరికి లోపల్లోపల హాయిగానే అనిపించింది. రెండో నెలా అంతే, మూడో నెలా అంతే. డబ్బాలు రావడం, పళ్ళెంలో పడడం, సమానంగా మళ్ళీ డబ్బాల్లోకి పోవడం.

మంటలు తగ్గినాయి. ఆస్పత్రిలో ప్రతిసారీ ధన్య సున్నా నుంచి పది దాకా లెక్కలో మంట ఎంతుందో చెప్పమంటుంది. సున్నా అంటే అసలు లేదు, పది అంటే తట్టుకోలేనంత. చేరినప్పుడు అమ్మణి ఎనిమిది అంది, వరద ఏడు అంది. మూడో నెలకు ఇద్దరూ ఐదుకు వచ్చారు. కావాలని అనుకుని చెప్పింది కాదు, నిజంగానే ఐదు. అమ్మణి మళ్ళీ చెప్పులు తొడిగింది. పాల బూత్ దాకా పోయి వచ్చి, గేటు తీస్తూనే ఎదురింటి మీద కొత్త సంగతి ఒకటి మొదలుపెట్టింది. వరద పొయ్యి దగ్గర నిలబడి ఆ గొంతు వింటా కళ్ళు తుడుచుకుంది. ఇంత సంబరం ఆ ఇంట్లో ఈ మధ్య లేదు.

మూడో నెల పోయినప్పుడే వచ్చింది చిక్కు. ధన్య మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, రాసుకుని, ముఖం ఇంత చేసుకుని నవ్వింది.

"మీ ఇద్దరిలాంటి వాళ్ళు లేరండి. ఒక్క మాత్ర తేడా ఉండదు. మొన్న డాక్టరు గారు మీ కాయితాలు చూపించి, ఇలా ఉండాలి అని అందరికీ చెప్పారు."

అమ్మణి గర్వంగా తలూపి రక్తం ఇచ్చేదానికి లోపలికి పోయింది. వరద ఊరికే ఉండలేక అడిగింది. "ఇదంతా లెక్కపెట్టి ఏం చేస్తారు పాపా?"

ధన్య ఒక కాయితం తిప్పి పెన్నుతో నిలువుగా గీత గీసింది. "ఆఖర్న మందు వేసుకున్నవాళ్ళందరూ ఈ పక్క, వేసుకోనివాళ్ళందరూ ఆ పక్క. ఈ పక్క ఎంత తగ్గింది, ఆ పక్క ఎంత తగ్గింది అని చూస్తామండి. ఆ రెంటికీ మధ్య ఎంత తేడా ఉందో అదే మందు చేసిన పని."

"తేడా లేకపోతే?"

"మందు పనికిరాదని రాసేస్తారండి. ఇంక అది ఎవరికీ రాదు."

ఆ నిలువు గీత చూస్తుంటే వరదకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్త నుంచి ఆమె పదకొండేళ్ళు అంబత్తూరులో ఒక ఇంజనీరింగు కంపెనీలో చెకింగ్ సెక్షనులో పనిచేసింది. గేజి పెట్టి చూసి బాగున్న పీసు ఒక ట్రేలో, బాగాలేని పీసు ఇంకో ట్రేలో వెయ్యడం, అదే పొద్దస్తమానం పని. ఒకసారి ఎవరో చెయ్యి తగిలి రెండు ట్రేలూ కింద పడి కలిసిపోయినాయి. పడేసినవాళ్ళు నోరు మూసుకుని మళ్ళీ సమానంగా నింపి పెట్టేశారు. ఆ లాటు మొత్తం బయటికి పోయి, తిరిగొచ్చి, మంచి పీసులు కూడా నమ్మకం పోగొట్టుకుని తుక్కులో పడినాయి. ఆ రోజు సూపర్వైజరు ఎవర్నీ తిట్టలేదు. 'పడినప్పుడే చెప్పుంటే అయిపోయేది గదమ్మా' అన్నాడు అంతే. ఆ మాట వరద మర్చిపోలేదు. రెండు ట్రేలు కలిస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియకపోవచ్చు గానీ ఆమెకు తెలుసు. తెలిసీ మూడు నెలలు చూస్తా ఊరుకుంది. బస్సులో వస్తున్నంతసేపూ అక్క ఏదో చెప్తూనే ఉంది, వరద చెవికి ఒక్క ముక్క ఎక్కలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మెల్లగా ఎత్తింది. "అక్కా, మనం చేసింది తప్పు. ఆడ పోయి చెప్పేద్దాం."

అమ్మణికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఒంటికాలి మీద లేచింది.

"ఏందిమే చెప్పేది? చెప్తే మాత్రలు ఆపేస్తారు. ఇద్దర్నీ తరిమేస్తారు. నేను మళ్ళీ తడిగుడ్డలు చుట్టుకుని ఈడ పడుండాల్నా?"

"మనవల్ల ఆ మందు పనికిరాదని తేలిపోతే? మన మాదిరి ఎంతమంది ఉండారో."

"ఊళ్ళోవాళ్ళ కాళ్ళు నీకు కనపడతా ఉండాయి. నా కాళ్ళు కనపడలేదా?"

 కనపడ్డాయి కాబట్టే వరద ఎటూ తేల్చుకోలేకపోయింది. చెప్తే అక్క నడక పోతుంది, అక్కతో ఉన్న ఇరవై ఎనిమిదేళ్ళూ పోతాయేమో. చెప్పకపోతే రేపు ఎవరి కాళ్ళు మండినా అందులో తన చెయ్యి ఉంటుంది. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు పొద్దున్నే, కూరగాయలకు పోతున్నానని కూడా చెప్పకుండా, ఒక్కతే బస్సెక్కింది. ఆస్పత్రికి అక్క లేకుండా పోవడం అదే మొదలు. పక్క సీటు ఖాళీగా ఉంటే అటు చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చుంది.

పరీక్ష నడిపే డాక్టరు శ్రీప్రియ తలుపు వేసి, కుర్చీ చూపించింది. వరద నిలబడే చెప్పేసింది. పళ్ళెంలో పోయడం, కలపడం, లెక్కపెట్టడం, అన్నీ. పక్కన ధన్య ముఖం పాలిపోయింది.

"ఎప్పట్నించి?" అంది శ్రీప్రియ.

"మొదటి రోజు నుంచే డాక్టరమ్మా."

 శ్రీప్రియ పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. తిడుతుందని వరద కాచుకునుంది. తిట్టలేదు.

"ఒకే ఇంట్లో ఇద్దర్ని చేర్చుకునేటప్పుడు ఈ సంగతి మేం ఆలోచించాల్సింది. అది మా తప్పు కూడా రాస్తాను. మీరు చెప్పకపోయుంటే మాకు తెలిసే దారే లేదు, లెక్క అంత చక్కగా ఉంది మరి" అని, ఏం జరుగుతుందో విడమరిచి చెప్పింది. ఇట్లాంటివి చూసే కమిటీ ఒకటి ఉంది, వాళ్ళకు రాయాలి. వాళ్ళు చెప్పేదాకా ఇద్దరికీ మాత్రలు ఆపాలి. ఒంటికి ఏమీ కాలేదని చూసుకోడానికి ఇద్దరికీ రక్తపరీక్ష చెయ్యాలి.

వరద ఇంటికొచ్చి గడప దాటకముందే చెప్పేసింది.   అమ్మణి తన మాత్రల డబ్బా తెచ్చి వరద ముందు పెట్టి లోపలికి పోయింది.

ఆ తర్వాత మూడు వారాలు ఆ ఇంట్లో మాటలు లేవు. అమ్మణి పంపకం మాత్రం మానలేదు. చేప ముక్కలు సమానంగానే వేసేది, వేసి తల తిప్పుకునేది. రక్తపరీక్షకు పోయిన రోజు బస్సులో వరద పక్కన సీటున్నా పోయి ముందు సీట్లో ఎవరో ముసలామె పక్కన కూర్చుంది. ఆదికేశవులు ఒక రోజు ఉండబట్టలేక "ఏం జరిగింది మీ ఇద్దరికీ?" అని అడిగితే ఇద్దరూ ఒకేసారి "ఏం లేదు" అన్నారు. ఆ ఒక్కటీ కలిసి అన్నందుకే వరదకు ప్రాణం లేచొచ్చింది. మంటలు మాత్రం మళ్ళీ మొదలైనాయి. అమ్మణి చెప్పులు విడిచింది. అది చూసినప్పుడల్లా వరదకు ఏడుపొచ్చేది.

రక్తపరీక్షల్లో ఇద్దరికీ ఏ తేడా లేదు. నాలుగో వారం కబురొచ్చింది, ఇద్దరూ పోయారు. కమిటీ ఒప్పుకుంది. మూడు నెలలు కలిపి మింగారన్నది విడిగా రాసిపెడతారు. ఇష్టమైతే మిగిలిన మూడు నెలలు ఎవరి డబ్బా వాళ్ళదిగా వేసుకోవచ్చు. వద్దంటే ఈరోజే మానుకోవచ్చు, మంటలకు మామూలు మందు రాసిస్తారు.

అమ్మణి మానేస్తుందనే వరద అనుకుంది. అమ్మణి కుర్చీ ముందుకు లాక్కుంది.

"మావల్ల ఎంత పాడైంది డాక్టరమ్మా?"

"రెండు వందల మందిలో ఇద్దరు. కొంచెం మసకేస్తుంది, అంతే. కానీ ఇట్లా పది ఇళ్ళలో జరిగి, పది ఇళ్ళవాళ్ళూ చెప్పకుండా ఉంటే మంచి మందు కూడా చెడ్డ పేరు తెచ్చుకుని పోతుంది."

అమ్మణి చాలాసేపు తన కాళ్ళకేసి చూసుకుంది. "సరి, ఇయ్యండి డబ్బాలు" అంది. తిరుగు బస్సులో వచ్చి వరద పక్కనే కూర్చుంది. 

ఈసారి డబ్బాలు పళ్ళెం దాకా పోలేదు. అమ్మణిది పై అరలో, వరదది కింది అరలో. మాటలు కూడా మెల్లగా ఒకటొకటి తిరిగొచ్చినాయి. ముందు ఉప్పు అందుకో అనేదాకా, తర్వాత ఎదురింటి సంగతుల దాకా.

కానీ కాళ్ళు సమానంగా లేవు. నెలా నెలన్నరకు వరద మంట నాలుగుకు, మూడుకు, తర్వాత రెండుకు దిగింది. పొద్దున లేస్తే కాళ్ళున్నాయన్న సంగతే గుర్తుండేది కాదు. అమ్మణిది ఏడు దగ్గర నిలిచిపోయింది. అరుగు మీద తడిగుడ్డతో కూర్చున్న అక్క ముందు నుంచి గబగబా నడిచి పోవాలంటే వరదకు సిగ్గేసేది. కావాలని మెల్లగా, కాస్త కుంటినట్టు నడిచేది. అమ్మణి అదీ కనిపెట్టింది. "నాటకాలొద్దు, ఒళుంగా, సరిగ్గా నడువు" అని కసిరింది.

ఒక రోజు పొద్దున అమ్మణి స్నానానికి పోయినప్పుడు వరద పై అర డబ్బా దించింది. తన డబ్బా పక్కన పెట్టి రెండింటి మూతలూ తీసింది. కలపడానికి కాదు, మార్చడానికి. తనది అక్కకు, అక్కది తనకు. ఆస్పత్రికి పోయి పెద్ద సత్యవంతురాలిలా చెప్పొచ్చింది తనే, ఇప్పుడు దొంగలా నిలబడిందీ తనే. తొందరలో నాలుగు మాత్రలు గట్టు మీద దొర్లినాయి. తప్పని తెలుసు. తెలిసినా ఆ తడిగుడ్డ కళ్ళ ముందు నుంచి పోలేదు.

"మూతలు పెట్టు" అంది అమ్మణి గుమ్మంలో నుంచి. తల తుడుచుకుంటా ఎప్పుడు వచ్చి నిలబడిందో.

"అక్కా, నాకిప్పుడు అక్కర్లేదు. రెండే ఉండాది. నువ్వేసుకో, ఈ నెలన్నర ఎవరికీ తెలీదు."

"నీకు తెలుసు గదా. మళ్ళీ పోయి చెప్పేస్తావు."

వరదకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చినాయి. అమ్మణి వచ్చి దొర్లిన మాత్రలు ఏరి వాటి డబ్బాలో అవి వేసింది. ఏది ఎవరిదో ఆమె కళ్ళు ముందే చూసి పెట్టుకున్నాయి. తన డబ్బాలోంచి ఒకటి తీసి, నీళ్ళు పోసుకుని మింగి, డబ్బాను పై అరలో పెట్టింది.

"డాక్టరమ్మ మామూలు మందు ఇస్తానంది గదా, మానెయ్యక్కా. ఎందుకీ బాధ?"

"తట్టుకోలేకపోతే మానేస్తా. ఇంకా తట్టుకుంటా ఉండా" అంది అమ్మణి. 

ఆఖరి నెల పోయినప్పుడు ఆస్పత్రి హాల్లో ఒక కొత్త మనిషి కూర్చునుంది. వ్యాసర్పాడి నుంచి వచ్చింది, మొగుడు రైల్వే యార్డులో పనిచేస్తాడట, తెలుగే మాట్లాడుతుంది. కాళ్ళు నేల మీద ఆనించలేక మడమల మీద పెట్టుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం చూడగానే అమ్మణికీ వరదకూ అర్థమైపోయింది. ధన్య కాయితం చదివి వినిపిస్తుంటే ఆమె మధ్యలో ఆపింది.

"నాకు ఆ మందు లేని మాత్ర వస్తే? ఆరు నెలలు చుమ్మా, ఊరికే తిరగాల గదా. నాకొద్దు తల్లీ."

"ఇష్టం లేకపోతే బలవంతం ఏమీ లేదండి" అంటూ ధన్య కాయితం మడవబోయింది.

"నాకు అదే వచ్చినట్టుండాది" అంది అమ్మణి పక్క కుర్చీలోంచి.

ధన్య కంగారుపడింది. "అమ్మణి గారూ, అలా చెప్పకూడదండి. మీది ఏదో మాకే తెలీదు."

"నీకు తెలీదు, సరే. నా కాళ్ళకు తెలుసు."

కొత్తామె అమ్మణి వైపు తిరిగింది. "తెలిసీ ఎందుకక్కా మింగతా ఉండావు?"

"మాకు మామూలు మందు రాసిస్తానన్నారు, నేనే వద్దన్నా. నువ్వు చేరమని నేను చెప్పను, అది నీ ఇష్టం" అంది అమ్మణి. గడ్డంతో వరదను చూపించింది. "ఇది నా తోడికోడలు. దీనికి ఏడు ఉండె, ఇప్పుడు రెండు. నాకు ఎనిమిది ఉండె, ఇప్పుడు ఏడు. నేను లేననుకో. దాని రెండు చూసి ఏం అంటారు? ఎండాకాలం పోయింది, అందుకని తగ్గిందంటారు. డాక్టరమ్మ నవ్వుతా మాట్లాడింది, అందుకని తగ్గిందంటారు. నా ఏడు పక్కన పెడితేనే దాని రెండు ఏందో తెలిసేది. మొదట మేం అన్నీ కలిపేసి సమానంగా మింగినాం. ఇద్దరికీ ఐదు. ఆ ఐదు వల్ల ఎవురికీ ఏమీ తెలీలేదు. అట్లే ఉండుంటే ఈ మందు నీకొచ్చేదా, నీ పిల్లలకొచ్చేదా?"

కొత్తామె మడమల మీద ఉన్న తన కాళ్ళను చూసుకుంది. ధన్యతో "ఇంకోసారి చదువు పాపా, మెల్లగా" అంది. ధన్య మడిచిన కాయితం మళ్ళీ విప్పింది.

వరద తల వంచుకుంది. ఇన్ని నెలలూ అక్క తనను క్షమించిందో లేదో తెలియక లోపల్లోపల కుమిలిపోతా ఉంది. ఇప్పుడు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇంత సంతోషంగా ఆమె ఎప్పుడూ ఏడవలేదు. అమ్మణి చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఫలితం తేలడానికి ఇంకో ఏడాది పైనే పడుతుందని, తేలిన రోజు ముందుగా మీకే ఫోను చేస్తానని శ్రీప్రియ చెప్పింది. ధన్య ఆఖరి కాయితం తీసి, పెన్ను పట్టుకుని, ఎప్పుడూ అడిగినట్టే అడిగింది.

"సున్నా నుంచి పది దాకా, ఈరోజు ఎంతుందండి?"

"ఏడు" అంది అమ్మణి. "బాగా కనపడేట్టు రాయి."